తోక ఎక్కింది

ఆ స్వారీ క్లబ్బులో ఆవిడని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పెద్దలకీ తోకక్కే, చిన్నలకీ తోకక్కే. గుర్రపుశాలలో ఆవిడ జీను తగిలించుకునే కొక్కెం పైన కూడా ఎవరో సుద్దముక్కతో ‘తోక’ అని రాసి పెట్టారు. ఇంకెవరినైనా అలా పిలిస్తే చెంప వాచిపోయేది. ఈవిడకి మాత్రం ఆ మాట చెవిన పడితే మెడ ఇంకో అంగుళం పైకి లేస్తుంది. ఎందుకు లేవదు? పద్నాలుగేళ్లు దుమ్ము తిని సంపాదించుకున్న బిరుదు మరి.

సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. ప్రతి శనివారం పొద్దున్నే క్లబ్బు నుంచి పన్నెండు, పదమూడు గుర్రాలు వరసగా బయల్దేరతాయి. కాలువ గట్టు మీదుగా, పశువుల బీళ్లు దాటి, చిట్టడవి చుట్టి మధ్యాహ్నానికి తిరిగొస్తాయి. దారిలో మూడు గేట్లు. అవి పశువులవాళ్లవి. దాటిన ప్రతిసారీ మూసి గొలుసు వేసి వెళ్తామన్న మాట మీదే వాళ్లు దారి ఇచ్చారు. ఆ మూసే పని వరసలో అందరికంటే వెనకున్న మనిషిది. అంటే తోకది. అందరూ గేటు దాటాక తోక కిందికి దిగాలి, గేటు లాగి గొలుసు తగిలించాలి, మళ్లీ గుర్రమెక్కి కుడి చెయ్యి పైకెత్తాలి. ముందున్న మనిషి అది చూసి ‘తోక ఎక్కింది!’ అని కేక వేస్తారు. ఆ కేక నోటి నుంచి నోటికి పాకి, వరస మొదట్లో ఉండి దారి నడిపించే, గుర్రాలకి నాడాలు కొట్టే నాడాల పెద్దాయన చెవిన పడాలి. అప్పటిదాకా ఒక్క గుర్రమూ అడుగు కదపకూడదు. ఎందుకంటే గుర్రం మందలో బతికే ప్రాణి. తోటివి వెళ్లిపోతుంటే నిలబడి చూడమంటే దానివల్ల కాదు. ఆ సమయంలో ఒక కాలు జీనుకి వేలాడే రికాబులో, ఇంకో కాలు నేల మీద పెట్టుకున్న మనిషి గతి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మిగతా రోజుల్లో తోకక్కది పెద్దాసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. నేలమాళిగలో కిటికీలు లేని పొడుగాటి గది. ఆవిరి పొగలు కక్కే రోలరు మిషన్లోంచి దుప్పటి బయటికి రాగానే ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని, ఒక్క విదుపు విదిపి, ఎదురెదురుగా నడిచొచ్చి నాలుగు మడతలు వెయ్యాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నిలబడే పని. “ఈ ఊళ్లో సగం మంది నేను మడతపెట్టిన దుప్పటి మీదే కళ్లు తెరిచారు. మిగతా సగం దాని మీదే కళ్లు మూస్తారు. నాతో కాస్త మర్యాదగా మాట్లాడండి” అంటుంది ఎవరైనా గొంతు పెంచితే.

ఆవిడకి గుర్రాలతో చుట్టరికం కలిసింది కూడా ఆ దుప్పట్ల వల్లే. చిరిగిపోయిన పాతవి గుర్రాల కాళ్లకి పట్టీలుగా పనికొస్తాయని క్లబ్బువాళ్లు అడిగేవారు. పద్దెనిమిదేళ్ల కిందట ఓ శనివారం మూట ఇచ్చి రావడానికి వెళ్లింది. అప్పుడే పుట్టి నెలయిన బూడిదరంగు గుర్రప్పిల్ల ఒకటి వచ్చి ఆవిడ చేతిసంచి నమలడం మొదలుపెట్టింది. సంచి లాక్కోవడానికని ఆగిన మనిషి సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. ఆ పిల్లే పెరిగి పెద్దదై ‘బూడిద’ అయింది. తోక పని ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, నాలుగేళ్ల తర్వాత ఆ పని ఆవిడకి వచ్చిపడింది. ముందు వెళ్లే పన్నెండు గుర్రాల దుమ్ము పీల్చుకుంటూ, మూడుసార్లు దిగి మూడుసార్లు ఎక్కే చాకిరీ ఎవడిక్కావాలి? ఆవిడక్కావాలి. తన వెనక ఎవరూ మిగిలిపోలేదని తనకొక్కదానికే తెలిసే చోటు అది. లాండ్రీలో ఎవరూ ఆవిడ చెయ్యెత్తేదాకా ఆగరు. ఇక్కడ పన్నెండు గుర్రాలు ఆగుతాయి.

ఇంతలో తుంటి అరిగిపోయింది. ఎడమది. ఏడాదిపాటు పంటిబిగువున లాక్కొచ్చి, ఇక లాభం లేక, తను పనిచేసే ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించుకుని కొత్త కీలు వేయించుకుంది. మత్తు దిగి కళ్లు తెరిచాక అన్న మొదటి మాట, “ఈ దుప్పటి మూల మడిచిందెవరు? చేతులతోనా, కాళ్లతోనా?” అని. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. గుర్రం సంగతి అడిగితే కాసేపు ఆలోచించి చెప్పింది. “ఆర్నెల్లు ఆగితే స్వారీ చెయ్యొచ్చమ్మా. కానీ ఎడమ మోకాలు ఛాతీ దాకా మడవొద్దు. ఎప్పటికీ మడవొద్దు.”

అదీ వచ్చిన చిక్కు. గుర్రాన్ని అందరూ ఎడమవైపు నుంచే ఎక్కుతారు. ఎడమకాలు మడిచి, రొమ్ము ఎత్తున వేలాడే రికాబులో పెట్టి లేవాలి. డాక్టరమ్మ వద్దన్నది సరిగ్గా అదే. “అయితే కుడివైపు నుంచి ఎక్కుతా” అంది తోకక్క, అదేదో పక్కింటి గుమ్మం మారినంత తేలిగ్గా.

“బూడిద ఒప్పుకోవద్దూ?” అన్నాడు ఆవిడ భర్త.

ఈయన గురించి ఒక ముక్క. బస్టాండు పక్కన రెండు కుర్చీల సెలూన్ నడుపుతాడు. మెతక మనిషి. గుర్రమంటే చచ్చేంత భయం. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా గుర్రపుశాల గడప తొక్కలేదు. ఆయన అడిగిన మాట మాత్రం నిజం. పుట్టిన దగ్గర్నుంచీ ఎడమవైపు మనుషులకి అలవాటు పడ్డ గుర్రం, కుడివైపు నుంచి ఎవరైనా మీదికి లేవబోతే బెదిరిపోతుంది. దానికి నెమ్మదిగా, రోజూ నేర్పాలి. నేర్పాల్సినావిడేమో కర్ర పట్టుకుని వరండాలో అడుగులు లెక్కపెట్టుకుంటోంది.

“నేర్పేవాళ్లు కావాలి” అంది భర్త మొహంలోకి సూటిగా చూస్తూ.

“నన్ను చంపాలనుకుంటే ఇంట్లోనే చంపొచ్చు కదే” అన్నాడు పాపం.

అయినా వెళ్లాడు. మొదటి వారం శాల గుమ్మంలోనే నిలబడి వచ్చాడు. రెండో వారం భయపడుతూనే బూడిద కుడిపక్కకి చేరాడు. ఆ భయం మర్చిపోవడానికి, జేబులో ఉన్న కత్తెర తీసి ఊరికే గాలిలో ఆడించాడు, సెలూన్లో జుట్టు కత్తిరించే ముందు ఆడించినట్టు. టిక్ టిక్ టిక్. బూడిద చెవులు అటు తిప్పి, తల దించి, కదలకుండా నిలబడింది. ఆ రోజు నుంచీ ఈయనకి మీసం తిరిగింది. ముందు గోనెసంచి వేశాడు, తర్వాత ఇసక మూట వేశాడు, తర్వాత తనే రికాబులో కాలు పెట్టి వేలాడాడు. అన్నీ కుడివైపు నుంచే, కత్తెర చప్పుడుతోనే. పనిలో పనిగా జూలు కూడా చక్కగా కత్తిరించాడు. ఇంట్లో తోకక్క సెలూన్ బెంచీ ఒకటి తెచ్చి వేసుకుని, కొత్త కాలు దాని మీదుగా అటు తిప్పి ఇటు తిప్పి, పొద్దున యాభై సార్లు, సాయంత్రం యాభై సార్లు సాధన చేసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. బెంచీని బూతులు తిట్టుకుంటూ మళ్లీ మొదలెట్టేది.

ఈ ఆర్నెల్లలో క్లబ్బుకి కొత్త సెక్రటరీ వచ్చాడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఊళ్లో తక్కెడలన్నీ సరిచేసేశాక ఇక మనుషుల మీద పడ్డాడు. వస్తూనే జేబులోంచి టేపు తీసి రికాబుల పొడవు కొలిచాడు. మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించాడు. అందులో మూడో రూలు ఇలా ఉంది: ‘తోక బాధ్యత వహించువారు నేల మీద నుండి, ఎడమవైపు నుండి, పీట లేకుండా, ఇతరుల సాయం లేకుండా గుర్రము ఎక్కగలిగి ఉండవలెను.’

అది ఎవరి కోసం రాశాడో గోడకి కూడా తెలుసు.

ఆర్నెల్లు నిండిన శనివారం తోకక్క వచ్చింది. శాల ముందు అందరూ చూస్తుండగా బూడిదకి జీను కట్టింది. కుడివైపుకి వెళ్లింది. భర్త నాలుగడుగుల దూరంలో నిలబడి జేబులోనే కత్తెర ఆడించాడు. ఆవిడ కుడికాలు రికాబులో పెట్టి, ఒక్క ఊపున లేచి, ఎడమకాలు వెనకగా తిప్పి జీను మీద కూర్చుంది. బూడిద చెవి కూడా కదపలేదు. నాడాల పెద్దాయన అయితే చప్పట్లు కొట్టేశాడు. “శభాష్ చెల్లెమ్మా!”

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా, నువ్వు కుడివైపు నుంచి ఎక్కావు. ఇది లెక్కలోకి రాదు.”

“ఎక్కానా లేదా?”

“ఎక్కావు. కానీ రూలు ప్రకారం ఎక్కలేదు.”

“ఎడమవైపు నుంచే ఎందుకు ఎక్కాలో చెప్పండి, వింటాను.”

పెద్దాయనే అందుకున్నాడు. “వెనకటికి సైనికులకి ఎడమ నడుముకి కత్తి వేలాడేదమ్మా. కుడివైపు నుంచి ఎక్కితే అడ్డం వచ్చేదంటారు. అలా అలవాటైపోయింది.”

“ఓహో. సెక్రటరీగారూ, మీ కత్తి ఏదీ, ఇంట్లో మర్చిపోయారా?” అంది తోకక్క జీను మీద నుంచే.

అందరూ గొల్లుమన్నారు. అదే ఆవిడ చేసిన తప్పు అనుకోండి, గొప్ప అనుకోండి. నవ్వులపాలైన మనిషి ఇక తగ్గుతాడా? మొహం కందగడ్డ చేసుకుని, కొక్కేనికి తగిలించి ఉన్న తోక కోటు తీసుకున్నాడు. దూరానికి కనబడాలని ఎర్రగుడ్డతో కుట్టిన చేతుల్లేని కోటు అది. పద్నాలుగేళ్లుగా ఆవిడ ఒంటి మీద ఎండలో వెలిసి ఇటుకరంగుకి దిగింది. “తగిన మనిషి దొరికేదాకా తోక పని నేనే చూస్తాను. నువ్వు నా ముందు నడు, నిన్ను ఒక కంట కనిపెట్టి ఉంటాను. ఈ స్వారీలో ఇబ్బంది పడ్డావంటే, వచ్చేవారం నుంచి మొత్తానికే మానేద్దువుగాని” అని దాన్ని తొడుక్కున్నాడు. ఆయన పొట్ట మీద బొత్తాలు కలవలేదు.

ఆవిడకి గుండెల్లో భగ్గుమంది. ఏడుపు వచ్చింది కూడా, మింగేసింది. దిగి ఇంటికి పోతే రూలు గెలిచినట్టే. “నడుస్తాను. నేను ఇంటికి పోతానని ఆశ పెట్టుకోకండి” అని బూడిదని తెచ్చి సెక్రటరీ గుర్రానికి ముందు నిలబెట్టింది. ఆయన గుర్రం పేరు దొర. ఎత్తయిన గోధుమరంగు గుర్రం, మంచిదే, కానీ క్లబ్బుకి కొత్త.

మొదటి గేటు దగ్గర సెక్రటరీ దిగి, మూసి, ఎక్కి చెయ్యెత్తాడు. తోకక్కే ముందున్న మనిషి కాబట్టి కేక వెయ్యాల్సింది ఆవిడే. పంటి కింద రాయి నమిలినట్టు “తోక ఎక్కింది” అంది. రెండో గేటూ అలాగే గడిచింది.

మూడో గేటు మొండిది. ఒక పక్క కుంగిపోయింది. మోకాలు ఆనించి పైకెత్తితే తప్ప గొలుసు కొక్కెం అందదు. తోకక్కకి దాని కిటుకు నిద్రలో కూడా వచ్చు. చెబుదామని నోరు తెరవబోయి, అడగనిదే ఎందుకు చెప్పాలని మూసేసుకుంది. సెక్రటరీ లాగాడు, తోశాడు, తన్నాడు. ముందు నుంచి ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి చూడసాగారు. ఎవరో నవ్వు ఆపుకుంటూ దగ్గారు. చెమటలు కారుతుండగా ఎలాగో గొలుసు పడింది. ఆ సిగ్గులో, ఆ కంగారులో, పెద్దమనిషి చెయ్యకూడని పని చేశాడు. గుర్రమెక్కక ముందే, నేల మీద నిలబడే, చెయ్యెత్తేశాడు. ఎలాగూ ఎక్కుతున్నాను కదా, ఒక్క క్షణమే కదా అనుకున్నాడు.

తోకక్క కేక వెయ్యలేదు. “ముందు ఎక్కండి!” అని అరిచింది. కానీ ఆ ఎర్రకోటు దూరానికి కనబడేలా కుట్టిందాయె. ఆవిడ ముందున్న కుర్రదంపతులు ఎత్తిన చెయ్యి చూసి “తోక ఎక్కింది” అనేశారు. మాట ముందుకి పాకిపోయింది. పెద్దాయన గుర్రం కదిలింది. దాని వెనకే వరసంతా కదిలింది.

దొర అది చూసింది. సెక్రటరీ ఎడమకాలు అప్పుడే రికాబులో పెట్టాడు. గుర్రం గిర్రున తిరిగింది. ఆయన ఒంటికాలి మీద ఎగురుతూ నాలుగు గంతులు వేసి, రికాబులోంచి పాదం మెలికపడి ఊడి, వెల్లకిలా దుమ్ములో పడ్డాడు. దొర పగ్గాలు ఈడ్చుకుంటూ ముందుకి దూకింది. అది అలా వరసలోకి దూసుకుపోతే మిగతావన్నీ బెదిరి పరుగు లంకించుకుంటాయి. పదకొండు గుర్రాలు, పదకొండు మెడలు.

ఆలోచించే వ్యవధి ఎక్కడిది? తోకక్క బూడిదని దారికి అడ్డంగా తిప్పింది. “ఆగండి!” అని లాండ్రీ మిషన్ల హోరు మీద ముప్ఫై ఒక్క ఏళ్లు అరిచిన గొంతుతో అరిచింది. ముందు గుర్రాలు ఆగాయి. దొర వచ్చి బూడిద పక్కటెముకలకి గుద్దుకున్నంత పనిచేసి ఆగింది. బూడిద చెవులు వెనక్కి పెట్టి దాన్ని కసిరింది. తోకక్క వంగి పగ్గాలు అందుకుని, రెండు గుర్రాలనీ నడిపించుకుంటూ గేటు దగ్గరికి వెళ్లి దిగింది.

సెక్రటరీ లేచి కూర్చున్నాడు. ఎడమ చీలమండ పుచ్చకాయలా వాచిపోతోంది. ఆవిడ బూటు విప్పి, కదిపి చూసింది. “విరగలేదు. బెణికింది. క్లబ్బు ఇంకా ఐదు కిలోమీటర్లుంది. నడవలేరు. గుర్రమే గతి.”

ఆయన పళ్లు బిగపట్టి దొర పక్కకి కుంటుతూ వెళ్లాడు. ఎడమకాలు రికాబులో పెట్టి బరువు వేశాడో లేదో కెవ్వుమన్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే. కుడివైపుకి వెళ్లాడు. దొర ఎప్పుడూ అటు నుంచి మనిషిని ఎరగదు. బెదిరి పక్కకి జరిగిపోయింది. ఎన్నిసార్లు దగ్గరికెళ్తే అన్నిసార్లు జరిగింది. చివరికి ఆయన గేటు పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లు ఎత్తలేకపోయాడు.

“బూడిదని ఎక్కండి” అంది తోకక్క.

“ఎలా ఎక్కను?”

“కుడివైపు నుంచి. నా భుజం పట్టుకోండి.”

గోళ్లు ఒకదానికొకటి తగిలించి, టిక్ టిక్ మని, కత్తెర చప్పుడు చేసింది. బూడిద తల దించి రాయిలా నిలబడింది. సెక్రటరీ ఆవిడ భుజం ఊతంగా పట్టుకుని, కుడికాలు రికాబులో పెట్టి, మూలుగుతూ పైకి చేరాడు. ఒళ్లంతా దుమ్ము, జుట్టు నిండా గడ్డి. అయినా ఎక్కాడు.

వరస ముందు నుంచి పెద్దాయన కేక వినిపించింది. “ఏమయిందక్కడ? ఎక్కారా లేదా?”

తోకక్క కదల్లేదు. తల ఎత్తి సెక్రటరీ మొహంలోకి చూసింది.

“అడుగుతున్నారు సెక్రటరీగారూ. ఏం చెప్పమంటారు? మీరు కుడివైపు నుంచి ఎక్కారు. పైగా సాయం తీసుకుని ఎక్కారు. మరి ఎక్కినట్టా, ఎక్కనట్టా?”

ఆయన బూడిద జూలు సర్దబోయాడు.

“ఎక్కనట్టయితే ఎవరూ కదలకూడదు. అది మీ రూలు కాదు, మా రూలు. మీరు రాకముందు నుంచీ ఉంది. నాకేం తొందర లేదు. ఇవాళ శనివారం, నాకు సెలవు.”

ముందున్నవాళ్లంతా వెనక్కి తిరిగి వింటున్నారు. ఎవరూ నవ్వడం లేదు. బూడిద ఒకసారి తల విదిల్చింది. “ఎక్కినట్టే” అన్నాడు సెక్రటరీ గొణుగుతూ.

“పెద్దాయనకి కొంచెం చెవుడు.”

“ఎక్కినట్టే!” అని అరిచాడు.

“అదీ” అంది తోకక్క. “ఇక నా కోటు ఇలా ఇవ్వండి.”

ఆయన విప్పి ఇచ్చాడు. ఆవిడ దుప్పటిని విదిపినట్టు ఒక్క విదుపు విదిపి, దుమ్ము రాలగొట్టి తొడుక్కుంది. బొత్తాలన్నీ కలిశాయి. దొరని గేటు పక్కకి తెచ్చి, మెడ నిమిరి, దానికి అలవాటైన ఎడమవైపే నిలబడింది. రికాబు జోలికి పోలేదు. గేటు రెండో కమ్మీ మీదికెక్కి, ఎడమకాలి మీద, ఆ కొత్త కీలు మీద పూర్తి బరువు వేసి నిలబడి, సెలూన్ బెంచీ మీద రోజుకి నూరుసార్లు తిప్పి గట్టిపరుచుకున్న ఆ కాలి బలంతో కుడికాలు అవలీలగా అటు తిప్పేసింది. ఆ పొడుగాటి గుర్రం మీద కూర్చుంటే ఊరంతా కిందే ఉన్నట్టుంది.

గొలుసు పడిందో లేదో ఒకసారి వెనక్కి చూసుకుంది. తన వెనక ఎవరూ లేరు. కుడి చెయ్యి పైకెత్తింది.

ఇప్పుడు ఆవిడ ముందున్న మనిషి సెక్రటరీ. ఆ కేక వెయ్యాల్సింది ఆయనే. ఆవిడ చెయ్యి దించలేదు. పన్నెండు గుర్రాలు ఆగి ఉన్నాయి. ఆయన ఆ చేతి వంక చూశాడు, ఆ వెలిసిన ఎర్రకోటు వంక చూశాడు, ముందుకి తిరిగి నోటి చుట్టూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

“తోక ఎక్కింది!” అని గొంతు చించుకుని అరిచాడు.